పావుగంట దూరంలో అమ్మ, రెండు గదుల్లో ఎనిమిది మంది

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి నుంచి ఒక సోదరి 2020 మే నెల చివర్లో పొడవైన ఉత్తరం రాశారు. పేరు, వీధి, కొట్టు ఆనవాళ్ళు తీసేసి సారాంశం, అప్పుడు నేను రాసిన జవాబు ఇస్తున్నాను. జవాబులోని పథకాలు, సొమ్ములు, నిబంధనలు ఆ రోజులవి.

ఆమెకు 33 ఏళ్ళు. పుట్టిల్లు పాతపట్నం, అంటే ఆంధ్రా వైపు. పెళ్ళయి పదకొండేళ్ళు. భర్తకు బజారులో చిన్న రెడీమేడ్ బట్టల కొట్టుంది. నాలుగో తరగతి చదివే కూతురు, ఐదేళ్ళ కొడుకు, డెబ్భై దాటిన అత్తగారు. ఇల్లంటే రెండు గదులు, వంటిల్లు, ముందు వరండా, పైన డాబా. ఉగాదికని సూరత్ నుంచి మరిది, తోడికోడలు, వాళ్ళ ఆరేళ్ళ బాబు వచ్చారు. పది రోజులుండి వెళ్ళిపోవాలని వచ్చినవాళ్ళు. ఉగాది నాడే, 2020 మార్చి 25న, దేశమంతా కరోనా లాక్‌డౌన్ మొదలైంది. అక్కడ మరిది పనిచేసే మరమగ్గాలు ఆగిపోయాయి, జీతమూ ఆగిపోయింది. అప్పటినుంచి ఎనిమిది మంది ఆ రెండు గదుల్లోనే ఉన్నారు.

పెళ్ళిళ్ళ సీజన్ కోసం అప్పు చేసి తెచ్చిన సరుకు మూటలు విప్పకుండానే పడి ఉంది. సడలింపులిచ్చాక పగటిపూట కొట్టు తీస్తున్నా బేరాల్లేవు. గిరాకీలో సగం ఆంధ్రా వైపు పల్లెలదే. సరిహద్దు దారి మూసేయడంతో వాళ్ళు రావడానికి వీల్లేదు.

పిల్లలు చదివేది ఒడియా మీడియం. పాఠాలు భర్త ఫోనుకు వాట్సాప్‌లో వస్తున్నాయి. ఈమెకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. తోడికోడలు బరంపురంలో పుట్టి ఒడియాలోనే చదువుకున్న మనిషి. అందుకని ఉదయం టిఫిన్ కాగానే ఆమె ముగ్గురు పిల్లల్నీ వరండాలో కూర్చోబెట్టి చదివిస్తోంది. అప్పటినుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళు పట్టడం, వంట, అంట్లు, బట్టలు అన్నీ ఈమె మీదే పడ్డాయి. సాయం కావాలని ఒకసారి నోరు తెరిచి అడిగితే అత్తగారు, "అది పిల్లలకి చదువు చెప్తంది కదేటే, నువ్వు పొయ్యి కాడుంటే నష్టమేటి?" అన్నారట. ఒకరోజు కూతురి నోటుబుక్కు చేతిలోకి తీసుకుని చూడబోతే, ఆ పిల్ల పుస్తకం వెనక్కి లాక్కుని, "నీకేటి తెల్దమ్మా, పిన్నినడుగుతాను" అంది. ఈమె చెంప మీద ఒక్కటి కొట్టింది. భర్త అందరి ముందూ అరిచాడు. "అంత కష్టంగా ఉంటే మీ అమ్మ కాడికి పో" అన్నాడు. వెళ్ళే దారే లేదని తెలిసీ ఆ మాట అన్నాడని ఆమె రాసింది. అప్పటినుంచి ఇద్దరి మధ్యా "అన్నం పెట్టనా", "పెట్టు" తప్ప మాటల్లేవు.

అసలు గాయం ఇంకొకటి. పాతపట్నంలో తల్లి ఒంటరిగా ఉంటుంది. 66 ఏళ్ళు, సుగర్, బీపీ. తమ్ముడు హైదరాబాద్‌లో చిక్కుకుపోయాడు. మే మొదట్లో తల్లికి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. పొలాల గట్ల మీదుగా అయినా ఒక్కసారి తీసుకెళ్ళమని భర్తను బతిమాలింది. పోలీసులు పట్టుకుంటారని, ఇంటికి రోగం తెస్తామని అతను ఒప్పుకోలేదు. ఈమె కూడా అవుననుకుని ఊరుకుంది. జ్వరం తగ్గింది. రెండు వారాల తర్వాత తల్లి ఫోనులో మామూలుగానే, "అల్లుడు మన వీధి చివర కనబడ్డాడని పక్కింటివాళ్ళన్నారు, గుమ్మం దాకా రాలేదేమే?" అని అడిగింది. బట్టల బాకీ వసూలుకని అతను ఆ గట్ల దారినే వెళ్ళొచ్చాడని తర్వాత తెలిసింది. తల్లితో మాత్రం ఈమె, "ఆయన కాదమ్మా, ఇంకెవరో అయుంటారు" అని చెప్పింది.

"దారి తెరవగానే పిల్లల్ని తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళిపోనా? వేరు కాపురం అడగనా? ఉన్న ఉపాధి పోయి ఇక్కడ చిక్కుకుపోయిన తోడికోడల్ని చూసి కుళ్ళుకుంటున్నానేమో, నేనే చెడ్డదాన్నా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, అది మిమ్మల్ని ఊరికే తినేస్తోంది కాబట్టి. మీరు చెడ్డవారు కారు. రెండు నెలలుగా ఎనిమిది మందికి వండి వడ్డిస్తూ, కన్నతల్లికి జ్వరమొస్తే ఫోనులో మాత్రమే దగ్గు వినగలిగిన మనిషి మీరు. పైగా భర్త గుమ్మం దాకా రాలేదన్న సంగతి తల్లికి తెలియకుండా దాచి, అతని పరువు కాపాడారు. కుళ్ళుబోతు మనిషి చేసే పని కాదది.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మూడు బాధలున్నాయి. అమ్మను చూడలేకపోవడం ఒకటి, ఆయన దాచిన ప్రయాణం ఒకటి, ఇంట్లో మీ స్థానం వంటింటికి కుదించుకుపోవడం ఒకటి. మూడూ ఒకేసారి గొంతులోకి వస్తున్నాయి కాబట్టి ఏది అడగాలో తెలియక ఏదీ అడగడం లేదు, ఆ కోపం చివరికి తొమ్మిదేళ్ళ పిల్ల చెంప మీద పడింది. ఒక్కోదాన్నీ విడిగా, అది తీర్చగలిగిన మనిషినే అడగాలన్నది నా ఆలోచన.

అమ్మ సంగతితో మొదలుపెడదాం. మిగతావి పది రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగకూడదు.

గట్ల దారిన వెళ్ళాలన్న ఆలోచన మాత్రం పూర్తిగా వదిలేయండి. మీవారు చెప్పిన కారణం, ఆయన దాన్ని పాటించకపోయినా, సరైన కారణమే. శ్రీకాకుళం జిల్లాలో తొలి కేసులు ఏప్రిల్ చివర్లో బయటపడింది మీ పాతపట్నం మండలంలోనే. ఇటువైపు ఈ మే మొదటి నుంచి పక్క జిల్లా గంజాంలో కేసులు పెరుగుతున్నాయి. మీ ఇంట్లో కొట్టుకు వెళ్ళొచ్చే మనిషి ఉన్నాడు, బయట తిరిగే మగవాళ్ళు ఇద్దరున్నారు. అరవై ఐదు దాటి, సుగర్, బీపీ ఉన్నవాళ్ళకు ఈ జబ్బు ఎంత ప్రమాదమో మీకు తెలుసు. మీరు ప్రేమతో వెళ్ళి ఆమె పక్కన కూర్చోవడమే ఆమెకు అపాయం కావచ్చు. నిజంగా అత్యవసరమైతే వైద్య కారణం చూపించి పాస్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు, కాని తిరిగి వచ్చాక క్వారంటైన్ ఉంటుంది, అన్ని రోజులు పిల్లలకు దూరంగా ఉండాలి. ఆ అవకాశాన్ని నిజమైన అవసరానికి దాచుకోండి.

వెళ్ళకుండా చేయగలిగింది చాలా ఉంది. ఈ 2020లో ఆంధ్రాలో ప్రభుత్వం పెట్టిన ఒక్కో వాలంటీరుకు కొన్ని ఇళ్ళు అప్పగించి ఉన్నాయి. మీ అమ్మగారికి పింఛను వస్తుంటే ప్రతి నెలా ఒకటో తారీకున 2250 రూపాయలు గుమ్మంలో ఇచ్చి వెళ్ళేది ఆ అమ్మాయో అబ్బాయో. జ్వరాల సర్వేకు ఇంటింటికీ తిరిగేది కూడా వాళ్ళూ, ఆశా కార్యకర్తలే. ఆ వాలంటీరు నంబరు అమ్మనడిగి తీసుకోండి. మీరే ఫోన్ చేసి, "మా అమ్మ ఒక్కతే ఉంటుంది, సుగర్ మనిషి, జ్వరమొస్తే ముందు నాకు చెప్పండి" అని నంబరివ్వండి. మీకు సొంత ఫోన్ లేదు కాబట్టి మీవారి నంబరుతో పాటు పక్కింటివాళ్ళదో, నమ్మకమైన స్నేహితురాలిదో ఇంకొక నంబరు కూడా ఇవ్వండి. ఈ 2020 ఏప్రిల్ నుంచి ఆంధ్రాలో 14410 టెలిమెడిసిన్ నడుస్తోంది, దానికి ఫోన్ చేస్తే డాక్టరే తిరిగి మాట్లాడి మందులు చెప్తారు. పెద్దావిడకు అది వివరంగా నేర్పండి. ఆ నంబరు పెద్ద అంకెలతో రాసి ఫోన్ పెట్టే చోట గోడకు అంటించమని పక్కింటి పిల్లలకు చెప్పండి. సుగర్ బిళ్ళలు రెండు నెలలకు సరిపడా ఇంట్లో ఉండాలి.

మీ తమ్ముడి గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. చిక్కుకుపోయాడు సరే, ఫోన్ చిక్కుకోలేదు కదా. రోజూ పొద్దున్న మీరు, సాయంత్రం అతను ఫోన్ చేయాలని పంచుకోండి. మందుల ఖర్చు అతను పెట్టాలని కూడా అడగండి. కూతురు పక్క ఊళ్ళో ఉంటే కొడుకు నిశ్చింతగా ఉండటం మన ఇళ్ళల్లో మామూలే, కాని ఇప్పుడు ఆ పక్క ఊరు కూడా హైదరాబాదంత దూరమైపోయింది.

ఇక మీవారు దాచిన ప్రయాణం.

ఇది చిన్న విషయమని నేను అనను. సరిహద్దు ఊళ్ళ కాపురాల్లో పుట్టిల్లు రెండో వీధిలో ఉన్నట్టే ఉంటుంది. పొద్దున్న ఆటో ఎక్కి వెళ్ళి నీలమణి దుర్గమ్మ దర్శనం చేసుకుని, అమ్మ చేతి అన్నం తిని, సాయంత్రం దీపాల వేళకు తిరిగి వచ్చేంత దగ్గర. ఎండాకాలంలో ఆవకాయ జాడీ దానంతటదే వచ్చేది. అలాంటి చోట ఒక గేటు అడ్డం పడి, దాని అవతల అమ్మకు జ్వరమొస్తే, ఆ గేటు దాటి వెళ్ళిన మనిషి ఆ గుమ్మంలోకి తొంగి చూడలేదు, వచ్చాక చెప్పనూ లేదు. మీరు బాధపడటంలో అతిశయం ఏమీ లేదు.

అయితే ఆయన ఎందుకు దాచాడో మీరు ఊహించుకున్న కారణం ఒక్కటే, లెక్కలేదని. నాకు ఇంకోటి కనిపిస్తోంది. సరుకు అప్పు తెచ్చిన చోట ఒత్తిడి పెరిగి ఉంటుంది. మీకు కాదన్న దారినే తాను వెళ్ళాల్సి వచ్చినప్పుడు ఆ సిగ్గు ఆయన్ను మీ అమ్మ గుమ్మం నుంచి కూడా దూరంగా నడిపించి ఉండొచ్చు. లోపలికి వస్తే మీకు తెలుస్తుంది, తెలిస్తే జవాబు చెప్పుకోవాలి. ఇంటికి వచ్చాక మీరేమన్నా అనకముందే, ఆ రోజు కాకపోతే ఇంకో రోజు, మీ మీద గట్టిగా అరవడం కూడా అందులోంచే పుట్టి ఉండొచ్చు. ఇది నా ఊహ. నిజమేమిటో ఆయన నోట వినాలి.

అడగడానికి రెండు దారులున్నాయి. ఒకటి, అసలు అడగకుండా ఉండిపోవడం. కొంతమంది ఆడవాళ్ళు అలా ఉండిపోతారు, ఇల్లు పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. కాని మీకు ఆ దారి సరిపడదు, ఎందుకంటే మీరు ఇప్పటికే ఆయన తరఫున మీ అమ్మకు అబద్ధం చెప్పారు. అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ఆ అబద్ధం మళ్ళీ గుర్తొస్తుంది, ఆయన మీద కోపం మళ్ళీ మొదటికొస్తుంది. రెండోది అడగడం. అడిగితే ఆయన కాదనొచ్చు, ఎవరు చెప్పారని ఎదురు తిరగొచ్చు, మరో రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. అంతకుముందు కూడా మాటల్లేవు కాబట్టి పోయేదేమీ లేదు.

ఎక్కడ అడుగుతారన్నది ముఖ్యం. రెండు గదుల్లో ఎనిమిది మంది ఉన్న ఇంట్లో భార్యాభర్తలు గొంతు తగ్గించి మాట్లాడుకునే మూల కూడా ఉండదు. ఈ రెండు నెలల్లో చాలా ఇళ్ళల్లో గొడవలు పెద్దవి కావడానికి ఇదొక కారణమని నాకనిపిస్తుంది, ప్రతి మాటా నలుగురి ముందే పడుతోంది, నలుగురి ముందు ఎవరూ తగ్గరు. మీకు డాబా ఉంది. రాత్రి అన్నాలయ్యాక ఆరేసిన బట్టలు తీయడానికని ఆయన్ను పైకి రమ్మనండి. నిలదీసినట్టు కాకుండా, మీకు తెలిసిందని చెప్పండి. "మీరు ఫలానా రోజు పాతపట్నం వెళ్ళారు, నాకు తెలుసు. అమ్మ నన్నడిగింది. మీరు కాదని చెప్పాను. నాచేత అబద్ధం చెప్పించకండి. బాకీ కోసం వెళ్ళక తప్పదంటే నాకు చెప్పి వెళ్ళండి." ఇంతే. అత్తగారు, వంట, తోడికోడలు, ఆ "పో" అన్న మాట, ఇవేవీ ఆ రాత్రి తీసుకురావద్దు. ఒక్క విషయం మీద నిలబడితే ఆయన దాన్నుంచి తప్పుకోవడం కష్టం, అయిదు విషయాలు పెడితే అన్నిటికన్నా తేలికైనదాన్ని పట్టుకుని వాదిస్తాడు.

ఇంకో మాట అదనంగా అడగొచ్చు. "అమ్మకు మీరే ఒకసారి ఫోన్ చేయండి." పదకొండేళ్ళ అల్లుడు చేసే రెండు నిమిషాల ఫోనుకు ఆ పెద్దావిడ దగ్గర ఎంత విలువుందో మీకు నేను చెప్పక్కరలేదు. ఆయన క్షమాపణ అడగడానికి అంతకన్నా తేలికైన దారి లేదు. మగవాళ్ళకు ఒక్కోసారి అలాంటి దారి చూపించాలి, అది మీకు న్యాయంగా అనిపించకపోయినా.

చదువు, వంటిల్లు సంగతికి వస్తాను. ఇక్కడ నాకు మీ తోడికోడలు మీద కోపం రావడం లేదు. మీ ఉత్తరం ప్రకారం ఆమె మిమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆమె పరిస్థితి ఒకసారి చూడండి. సూరత్‌లో చిన్నదైనా సొంత గది, సొంత పొయ్యి, భర్తకు వారం వారం కూలి. ఇక్కడ పది రోజుల బట్టలు సర్దుకుని వచ్చిన సంచితో అత్తవారింట్లో రెండు నెలలు. బరంపురంలో ఉన్న కన్నవాళ్ళను ఆమె కూడా చూడలేదు. ఆ ఇంట్లో తిండికి బదులుగా తాను ఇవ్వగలిగింది ఆ ఒడియా చదువొక్కటే అని ఆమెకు అనిపిస్తుండవచ్చు, అందుకే దాన్ని అంత గట్టిగా పట్టుకుని ఉండవచ్చు.

అంతమాత్రాన మధ్యాహ్నం దాకా మీరొక్కరే చాకిరీ చేయాలని కాదు. పిల్లలకు పాఠం చెప్పడానికి పొద్దున్న ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా అక్కర్లేదు. నాలుగో తరగతి, ఒకటో తరగతి పిల్లలకు గంటన్నర చాలు, తర్వాత వాళ్ళు రాసుకుంటారు. మీరు ఆమెనే, అత్తగారి ద్వారా కాకుండా, నేరుగా అడగండి. "చెల్లీ, పది గంటలదాకా నువ్వు పిల్లల్ని చూడు, పది తర్వాత నాతో వంటింట్లోకి రా. సాయంత్రం అంట్లు నీవి, పొద్దుటివి నావి." ఇలా పని పేరు, వేళ చెప్పి అడిగితే జవాబు అవునో కాదో వస్తుంది. "కాస్త సాయం చేయొచ్చు కదా" అంటే ఏమీ రాదు. ఆమె వెంటనే ఒప్పుకోవచ్చు. అలిగి అత్తగారితో చెప్పనూ వచ్చు. అప్పుడు అత్తగారు మళ్ళీ అదే మాటంటే, "చదువు ఆపమనట్లేదత్తా, పదింటి తర్వాత అడుగుతున్నాను" అని అక్కడితో ఆపండి. నీళ్ళు పట్టడం, బజారు సరుకు మగవాళ్ళ పని చేయండి. కొట్టుకు బేరాల్లేని అన్న, ఉద్యోగం లేని తమ్ముడు ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు బిందెలు మీరు మోయడం ఎందుకో నాకు అర్థం కాలేదు.

మీ కూతురి దగ్గరికి వద్దాం. "నీకేటి తెల్దు" అన్నమాట ఆ పిల్ల సొంత మాట కాదు. నాలుగు గోడల మధ్య పెద్దవాళ్ళ మాటలు రెండు నెలలుగా వింటున్న పిల్ల. అమ్మకు చదవడం రాదని ఇంట్లో ఎవరో తేలిగ్గా అన్నది దాని చెవిన పడింది. దెబ్బకు మాత్రం మీరు దానితో మాట్లాడాలి. రాత్రి జడ వేస్తున్నప్పుడు, "ఆవేళ కొట్టకుండా ఉండాల్సింది. నాకు బాధేసింది, అందుకు కొట్టాను, అది తప్పు" అని చెప్పండి. నీ తప్పు కూడా ఉందని వెంటనే జోడించకండి. దాని తప్పు దానికి తెలుసు.

ఆ తర్వాత పుస్తకం మళ్ళీ తెరవండి, కాని వేరే రకంగా. మీకు ఒడియా వింటే అర్థమవుతుంది. మీరు కూరగాయలు తరుగుతూ ఉండగా పక్కన కూర్చుని పాఠం గట్టిగా చదవమనండి. ఎక్కడన్నా ఆగి, "అంటే ఏమైంది? ఆ ముసలాయన ఎందుకు వెళ్ళాడు?" అని అడగండి. అది తెలుగులో చెప్తుంది. అలా చదివితే పిల్లకు పాఠం రెండుసార్లు వచ్చినట్టు, తల్లి వింటోందన్న సంగతీ తెలుస్తుంది. అక్షరాలు నేర్చుకోవడం కూడా మీరనుకునేంత దూరం కాదు. ఒడియా వర్ణమాల మన వరసలోనే ఉంటుంది, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ, గుణింతాలు కూడా అదే పద్ధతి. రూపాలు మాత్రమే కొత్తవి. రోజుకు అయిదు అక్షరాలు మీ కూతురిచేతే పలక మీద రాయించుకుని నేర్చుకోండి. పిల్ల టీచరు, మీరు విద్యార్థి. దానికి అది ఎంత గర్వంగా ఉంటుందో చూడండి. బజారు బోర్డులు, బ్యాంకు కాగితాలు, రేషన్ కొట్టు నోటీసు అన్నీ ఒడియాలో ఉండే ఊళ్ళో పదకొండేళ్ళుగా ప్రతిదానికీ భర్త మీద ఆధారపడ్డ మీకు ఇది పాఠాలకు మించి పనికొస్తుంది. మీ తోడికోడలును కూడా తప్పులు దిద్దమని అడగండి. ఆమె దగ్గర ఉన్నది మీరు గౌరవించి తీసుకుంటే, మీ దగ్గర ఉన్నది ఇవ్వడానికి మీకూ మనసొప్పుతుంది.

డబ్బు గురించి మీరు ఎక్కువ రాయలేదు, కాని అది ప్రతి వాక్యం కిందా వినిపిస్తోంది. మరిది కుటుంబం తిండి ఖర్చు ఎవరు భరిస్తున్నారో ఇంట్లో ఎవరూ నోరు తెరిచి మాట్లాడటం లేదనుకుంటాను. రేషన్ కార్డు ఉంటే ఈ 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా కేంద్రం మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా ఇస్తోంది. కార్డులో మరిది పేరుందో లేదో చూడండి. కార్డు లేని వలస కూలీల కుటుంబాలకు కూడా మనిషికి 5 కిలోల చొప్పున రెండు నెలలు ఇస్తామని ఈ 2020 మేలోనే ప్రకటించారు. ఈ 2020 ఏప్రిల్ నుంచి ఒడిశా ప్రభుత్వం పట్టణాల్లో కూలి పనులు కల్పించే పథకం మొదలుపెట్టింది, మునిసిపాలిటీలో అడిగితే చెప్తారు. మగ్గం మీద పనిచేసిన చేతులకు కాలవల పూడిక తీయడం చిన్నతనంగా అనిపించొచ్చు. కాని తమ్ముడు కొంత తెచ్చి అన్న చేతిలో పెడితే ఆ ఇంట్లో నలుగురి గొంతూ కిందికి దిగుతుంది. ఈ మాట మీరు చెప్తే కోడలు అన్నట్టవుతుంది, మీవారు చెప్పడమే మంచిది.

చివరగా మీ రెండు పెద్ద ప్రశ్నలు.

దారి తెరవగానే పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోవడం. వెళ్ళొచ్చు. అమ్మను చూడటానికి వెళ్ళడం ఒకటి, ఆయన "పో" అన్నాడని వెళ్ళడం ఒకటి. మొదటిదానికి తేదీ చెప్పి వెళ్తారు, చెప్పిన తేదీకి వస్తారు, ఎవరికీ నష్టం లేదు. రెండోదానికి తిరుగు ప్రయాణం కష్టం. ఎవరు పిలవాలి, ఎవరు తగ్గాలి అన్న పట్టుదలల్లో నెలలు గడిచిపోతాయి. మధ్యలో బడి తెరిస్తే పిల్లల ఒడియా చదువు ఏం కావాలి? మీ రేషన్ కార్డు ఒడిశాది, అక్కడ మీ అమ్మ పింఛను మీద నలుగురు బతకాలి. అన్నీ ఆలోచించుకున్నాక కూడా వెళ్ళాలనిపిస్తే అది మీ నిర్ణయం, కోపంలో కాకుండా నెమ్మదిగా తీసుకున్నదై ఉండాలి. ఒకటి మాత్రం తెలుసుకోండి. 2005 గృహహింస చట్టం ప్రకారం భర్తతో కలిసి ఉంటున్న ఇంట్లో ఉండే హక్కు మీకుంది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. నోటిమాటతో పొమ్మంటే పోవాల్సిన పని లేదు. ఆయన చెయ్యి చేసుకున్నట్టు మీరు రాయలేదు. ఎప్పుడైనా అలా జరిగితే నేను పైన చెప్పిన ఓపిక మాటలన్నీ పక్కన పెట్టి 181కి గాని 112కి గాని ఫోన్ చేయండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థ పర్లాకిమిడిలోనే ఉంది, ఆడవాళ్ళకు అక్కడ వకీలు సాయం ఉచితం.

వేరు కాపురం ఇప్పుడు అడగొద్దని నా అభిప్రాయం. అద్దె, అడ్వాన్సు, రెండో గ్యాసు బండ, ఇవన్నీ కొట్టు నడవని రోజుల్లో కొత్త అప్పు. అత్తగారు ఎటు ఉండాలన్నది ఇంకో గొడవ. పైగా రైళ్ళు నడిచి, మగ్గాలు తిరిగితే మరిది కుటుంబం వెళ్ళిపోవచ్చు, అప్పుడు మీరు వేరు పడింది మిగిలిపోయిన అత్తగారినుంచి మాత్రమే అవుతుంది. వాళ్ళు వెళ్ళరని తేలి, పని పంపకం కూడా కుదరకపోతే, అదే ఇంట్లో పొయ్యి వేరు పెట్టుకోవడం గురించి దసరా నాటికి ఆలోచించండి. అదీ మీవారూ మీరూ ముందు డాబా మీద మాట్లాడుకున్నాకే.

ఈ ఉత్తరానికి జవాబు చదివేసరికి నెల మారుతుంది. పింఛను వస్తుంటే, ఒకటో తారీకున అది ఇవ్వడానికి వాలంటీరు మీ అమ్మ గుమ్మంలోకి వస్తారు. ఆ పొద్దున్నే అమ్మకు ఫోన్ చేసి, వాలంటీరు రాగానే ఫోన్ వాళ్ళ చేతికివ్వమని చెప్పండి. నంబరు అప్పుడే తీసుకోవచ్చు.